జేబులో చేతులు

మతుజీన్యుష్ రేవు మీద పొగమంచు దిగిన పొద్దున
పడవలెప్పుడొస్తాయో సముద్రానికే తెలియదు.
మా సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీ గోడకి మాత్రం
గంటగంటకీ గీతలు కొట్టిన పట్టిక.
ఆరింటికి తలలు కోయాలి, ఏడింటికి ఉప్పునీళ్లు,
ఎనిమిదిన్నరకి నూనె.
పాత మేనేజరు చేతిరాత ముత్యాల్లా ఉండేది.
చేపలకే చదువు రాదు.

బెల్మీరు తవేయిరా వచ్చిన రోజే
నిచ్చెన వేయించి పట్టిక దింపించాడు.
దాని వెనక గోడ
ఎండ చూడని ఒంటిలా తెల్లగా, నలుచదరంగా.
"ఇక ఏం చెయ్యమంటారు?" అన్నాను.
షిఫ్టు పెద్దని, అడగడమే నా ఉద్యోగం.
"చేపలు రానీ" అని
రెండు చేతులూ కోటు జేబుల్లో దోపుకున్నాడు.

మొదటి వారం చెప్పుకోకూడదు.
టమాటా పులుసు డబ్బాల్లో మిరపనూనె,
లేబుళ్లు తలకిందులు,
ఒకే బల్ల కోసం జుల్మీరా, ఎవులాలియా
కత్తులు పట్టుకుని వాదులాట
(చేపల కత్తులే, అయినా కత్తులు కత్తులే).
లిస్బన్ ఆఫీసు నుంచి ఫోను మీద ఫోను.
ఎత్తేవాడు, వినేవాడు,
"అవును" అని పెట్టేసేవాడు.

ఆయన గదిలో కొళాయి కారేది.
ప్లంబరు ఇచ్చిన వాషరు డ్రాయరులోనే పడి ఉండేది.
ఓ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి
"విను" అన్నాడు.
టప్. టప్. టప్. గోడగడియారం.
మోచేత్తో వెంట్రుకవాసి తిప్పాడు.
టప్‌టప్. టప్‌టప్. కుంటి గుర్రం.
ఇంకో వెంట్రుక.
ఇక నేను ఎన్ని వేళ్లు మడిచినా
తర్వాతి చుక్క లెక్కకి దొరకలేదు.

"పిచ్చి పట్టలేదు దానికి" అన్నాడు.
"అవే నీళ్లు, అదే గొట్టం.
ప్రతి చుక్కా ముందు చుక్క చెప్పిందే వింటోంది.
మనకి వినపడనంత మెల్లగా చెప్పుకుంటున్నాయి, అంతే."

తర్వాతెప్పుడో, ఫలానా రోజని చెప్పలేను,
బల్లల దగ్గర ఒక నడక పుట్టింది.
పడవ హారన్ మూడుసార్లు మోగితే
ఉప్పుతొట్టి దగ్గరివాళ్లు
మాట్లాడుతూనే కత్తులవైపు జరిగేవాళ్లు.
ఎవులాలియా దగ్గితే నూనె కాగిందని అర్థం.
ఏ రెండు పొద్దులూ ఒకలా లేవు.
ఏ పొద్దూ వేరే ఫ్యాక్టరీదిలానూ లేదు.

ఇంత చెప్పానని ఆయన్ని దేవుణ్ణి చెయ్యను.
నవంబరులో బాయిలరు మూత సరిగా పడలేదు.
చూసినవాళ్లు ముగ్గురు.
ఇంకొకరు చూసుకుంటారులే అనుకున్నవాళ్లూ
ఆ ముగ్గురే. వాళ్లలో నేనొకదాన్ని.
జుల్మీరాకి మోచేతి దాకా కాలింది.

ఆ రోజే ఆయన చేతులు బయట చూశాను.
ఎడమచేతికి రెండు వేళ్లు లేవు.
ఎక్కడ పోయాయో అడగలేదు,
అడగడమే నా ఉద్యోగమైనా.
ఆమెని తన గదికి నడిపించుకుపోయి
కొళాయి పూర్తిగా తిప్పి
కాలిన చేతిని ధార కింద పట్టుకుని
అరగంట నిలబడ్డాడు.
ఒక్క చుక్కా విడిగా వినిపించలేదు.

మర్నాడు పట్టిక మళ్లీ వస్తుందనుకున్నాం.
రాలేదు.
మూత మీద ఎర్ర రంగుతో రెండు మాటలు:
చూసినవాళ్లదే పని.
రంగు కారి చివరి అక్షరానికి తోక మొలిచింది.

చేయి పెట్టకపోవడం,
చేతులెత్తేయడం,
చేతులు దులుపుకోవడం.
దూరం నుంచి చూస్తే ముగ్గురూ ఒకే మనిషి.
ఆయన వీటిలో ఎవరో
కొన్ని రోజులు నాకూ తెలియలేదు,
బహుశా ఆయనకీ.

ఇప్పుడా గది నాది.
వాషరు ఇంకా డ్రాయరులోనే.
జుల్మీరా కూతురు లేబుళ్ల దగ్గర చేరింది,
నేను అటువైపు వెళ్తే చాలు
మెడ బిగించుకుని తప్పులు చేస్తుంది.
ఈ పొద్దున పొగమంచు.
హారన్ ఎన్నిసార్లు మోగుతుందో చూడాలి.
కింద ఎవరో దేనికో అరుస్తున్నారు,
లేచాను, తలుపు దాకా వెళ్లి ఆగాను.
ఈ ఏప్రానుకి జేబులు లేవు.